మామూ మొహం, ఎవరిదో గొంతు

పోయిన వారం మా పాత స్కూలు టీచర్లమంతా ఉండే వాట్సాప్ గ్రూపులో ఒకావిడ, జనగామ నుంచి హనుమకొండకు ఇల్లు మారుతున్నానని రాసింది. సామాన్ల లారీ పొద్దున్నే వస్తుందట, వీలైనవాళ్ళు ఒకసారి వచ్చి కనిపించి పొమ్మంది. దాని కిందే, రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన చిన్న వీడియో ముక్క పెట్టాడు. నెత్తికి తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, నిండా సామాను ఎక్కించిన లారీ ముందు నిలబడి నోరు తెరుస్తాడు. "మా ఆఆడామెను ఏ లారీల ఎక్కియ్యాలె సాఆఆరూ?" అని ముక్కులోంచి సాగదీసిన గొంతు వస్తుంది. వెనక డుబుక్కుమని డోలు మోగుతుంది. అంతే. గ్రూపంతా కళ్ళలో నీళ్ళు కారేట్టు నవ్వే పచ్చబొమ్మలు వరసకట్టాయి. తెలుగు చెప్పినవాళ్ళు, లెక్కలు చెప్పినవాళ్ళు, నీతిపద్యాలు బట్టీ పట్టించినవాళ్ళు, అందరూ నవ్వారు. ఆ తువ్వాల చుట్టుకున్నాయన మా మామూ, మా అమ్మీకి సొంత తమ్ముడు. ఆ మొహం ఆయనదే. ఆ గొంతు ఆయనది కాదు.

ఆ ముక్క నాకు కొత్తేమీ కాదు. ఎవరైనా ఇల్లు మారుతున్నారంటే అదే పెడతారు. భార్య పుట్టింటికి పోయిందంటే అదే. బస్సులో సీటు దొరకలేదన్నా అదే. ఒకసారి మా ఇంటి గ్యాసు సిలిండరు తెచ్చే అతని ఫోను మోగితే, అదీ అదే గొంతుతో మోగింది. ఇన్నాళ్ళూ పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఈసారి గ్రూపులో జవాబు రాయబోయాను. రాస్తూ పోతే పెద్దదైపోయింది. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, సాయంత్రం కాషాయపు టీ కప్పుల బొమ్మలు పంపుకునే చోట అంత పెద్దది ఎవరు చదువుతారని తుడిచేశాను. తుడిచేశాక ఇంకా మండింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా తాతది మహబూబాబాద్‌లో, అంటే మేమందరం పిలిచే మానుకోటలో, స్టేషన్ రోడ్డు మీద గాజుల దుకాణం. తండాల నుంచి లంబాడా ఆడవాళ్ళు, దంతాలపల్లి వైపు నుంచి పత్తి అమ్మి వచ్చిన రైతుల భార్యలు, కొత్తగూడ అడవి వైపు నుంచి ఇప్పపువ్వు, చింతపండు దింపి వెళ్ళే కోయ ఆడవాళ్ళు, అందరూ ఆ దుకాణం ముందు కూర్చుని చేతులు చాపేవాళ్ళు. మామూ చిన్నప్పటి నుంచి ఆ గద్దె మీద కూర్చుని వాళ్ళ మాట వింటూ పెరిగాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, పగలు బేరమాడిన వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా మా ముందుకు తెచ్చేవాడు. వెక్కిరింపు కాదు అది. నేను ఆ తేడా బాగా ఎరుగుదును. ఆయన ఒక ముసలమ్మ బేరం చెప్తుంటే మాకు నవ్వొచ్చేది, ఆ నవ్వు ఆగేలోపే ఆ ముసలమ్మ మీద జాలి కలిగేది. ఒకసారి తాత తలుపు వెనక నిలబడి అంతా విని, "దుకాణం నడుస్తలేదు గని నాటకం మంచిగ నడుస్తున్నది" అన్నాడు. కొన్నాళ్ళకు మామూ దుకాణం తాళంచెవులు భార్య, అంటే మా ముమానీ చేతిలో పెట్టి సినిమాల్లో వేషాలకని హైదరాబాదు రైలెక్కితే, తాత ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. గాజుల దుకాణాన్ని మా ముమానీయే నడిపింది. ఆ దుకాణమే లేకపోతే తెలుగు సినిమాకు మా మామూ దక్కి ఉండేవాడు కాదు. ఇది ఆయన అనే మాటే.

హైదరాబాదు నుంచి మానుకోట పోయే రైలు జనగామలో ఆగుతుంది. నేను ఉద్యోగం వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్నాక, మా అమ్మీ నా దగ్గరే ఉండేది. మామూ షూటింగు అయిపోగానే సగం దారిలో దిగి మా ఇంట్లో అన్నం తిని మళ్ళీ రైలెక్కేవాడు. చెవుల వెనక రంగు సరిగ్గా కడుక్కునేవాడు కాదు. దాన్ని బట్టి ఆ వారం ఏం వేషం వేశాడో అమ్మీ చెప్పేసేది. నల్లగా ఉంటే కూలి, ఎర్రగా ఉంటే దెబ్బలు తిన్న రౌడీ. ఖట్టీ దాల్ వడ్డిస్తూ, "ఈసారి ఎవని చేతిల తన్నులు తిన్నవ్ రా?" అని అడిగేది. "ఈసారి తన్నులు లెవ్వు ఆపా, డైరెక్టుగ సచ్చిపోయిన" అనేవాడు ఆయన అక్కతో.

నిజంగానే ఆయన తెర మీద చావని చావు లేదు. కానిస్టేబులుగా చచ్చాడు, కల్లు దుకాణంలో చచ్చాడు, హీరో విసిరిన డ్రమ్ము కింద పడి చచ్చాడు. ఒక సినిమాలో మొదటి సీనులోనే పాడె మీద పడుకుని ఉంటే, అమ్మీ కొంగు నోట్లో కుక్కుకుని హాలులోంచి లేచి వచ్చేసింది. ఇంటికి వస్తే ఆ పాడె మీది మనిషి మా వరండాలో కూర్చుని సీతాఫలం తింటున్నాడు. అయినా ఆమె ఏడుపు ఆపలేదు. ఇంకో సినిమాలో గుడి పూజారి. బొట్టూ జంధ్యమూ అన్నీ బాగానే కుదిరాయి గానీ, ధోతీ మాత్రం లుంగీలా నడిచిందని మా వీధిలో ఉండే పంతులుగారే వచ్చి నవ్వుతూ చెప్పి, పక్కనే నిలబడి కుచ్చిళ్ళు ఎట్లా పట్టుకోవాలో చూపించి పోయారు. బస్ కండక్టరు, బిచ్చగాడు, దొంగ సాక్షి, దెయ్యం పట్టినవాడు, ఎడ్లబండి తోలేవాడు, హీరోయిన్‌కు అడ్రసు తప్పు చెప్పేవాడు. ఆయన ఎన్ని రకాల మనుషులయ్యాడో ఆయనకే గుర్తులేదు. ప్రతి వేషానికీ ఒక నడక వెతుక్కునేవాడు. రెండు మాటలుండే కండక్టరు వేషం కోసం జనగామ బస్టాండులో ఒక పూటంతా కూర్చుని కండక్టర్లు సంచీ భుజం ఎట్లా మార్చుకుంటారో చూశాడు. తెర మీద ఆ కండక్టరు ఉన్నది తుమ్మినంత సేపు.

ఇప్పుడు నాకు కోపం వచ్చే చోటికి వస్తున్నాను. ఇన్ని వేషాల్లోనూ ఆయన నుంచి ఒకే ఒక్క గొంతు కావాలనేవాళ్ళు. తెర మీద హీరో తండ్రి, జడ్జి, డాక్టరు, ఇంజనీరు పుస్తకాల తెలుగు మాట్లాడేవాళ్ళు. తాగుబోతు, దొంగ, పనివాడు, తన్నులు తినేవాడు మా మాట మాట్లాడేవాళ్ళు. అది కూడా మా మాట కాదు. మా మాటను చెరుకుగడలా మరలో పెట్టి పిప్పి చేసి, ఆ పిప్పిని మా చేతికి ఇచ్చి మాట్లాడమనేవాళ్ళు. "ఇంకొంచెం మొరటుగా, ఇంకొంచెం సాగదీసి" అని డబ్బింగు గదిలో అద్దం అవతల నుంచి చేతులు ఊపేవాళ్ళట. తురకవాడి వేషమైతే మరీ ఘోరం. కళ్ళకు సుర్మా, మెడలో తావీజు, గళ్ళ లుంగీ. అయితే ప్రాణమిచ్చే నౌకరు, లేకపోతే ప్రాణం తీసే బాంబువాడు. "నమ్‌దీ ఏమీ తప్పు చేయలేదూ సాబ్" అని వంకర తెలుగు. నేను పుట్టిన దగ్గర నుంచి ఇంట్లో దక్కనీ, గడప దాటితే తెలుగు మాట్లాడాను. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. మా చుట్టాల్లో ఏ ఒక్కరూ అట్లా మాట్లాడగా వినలేదు. "ఎట్ల ఒప్పుకుంటవ్ మామూ?" అని నేను కొట్లాడితే, ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తకుండా, "బేటా, ఒక్క వేషం రానీ. మన మాట మనలెక్క మాట్లాడే వేషం ఒక్కటి రానీ" అనేవాడు.

ఆ ఒక్కటి వచ్చింది. ఇది భూపాలపల్లి ఇంకా జిల్లా కాకముందు మాట. ఓపెన్‌కాస్ట్ గని కోసం ఖాళీ చేసే ఊరి కథ. ఊళ్ళో ఒక రైతు, భార్య చనిపోతే తన చెలక గట్టు మీదనే మట్టి చేసి ఉంటాడు. ఊరు లేచి పోవాల్సి వస్తుంది. హీరో ఆ రైతు కొడుకు. రైతు మా మామూ. ఆయన జీవితంలో మొదటిసారి కథ చివరిదాకా బతికి ఉండే వేషం. భూపాలపల్లి దగ్గరే షూటింగు. నాకు ఎండాకాలం సెలవులు. అమ్మీని తీసుకుని పరకాల మీదుగా బస్సులో పోయాను. మేం పోయేసరికి మామూ రంగు వేసుకుని లేడు, గని గుంత ఒడ్డున ఒక అవ్వ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఊరు ఎన్నడో గుంతలోకి పోయింది. ఊరు పోయినవాళ్ళకు కట్టిన కాలనీలో ఇచ్చిన ఇంట్లో ఉంటున్నది. షూటింగు చూద్దామని వచ్చింది. ఆమె కట్టె ఎత్తి గుంత నడిమిట్లోకి, గాల్లోకి చూపించి, "మా ఇల్లు గాడ ఉండె. మా ముసలాయనను గా ఇంటెనుకనే పెట్టినం" అన్నది. ఆమె చూపిన చోట భూమి లేదు. కింద ఎక్కడో లారీలు అగ్గిపెట్టెల్లా తిరుగుతున్నాయి. "లేసి పోయిన్నాడు అన్ని సామాన్లు ఎక్కిచ్చిండ్రు కొడుకా. కోళ్ళగంప సుత ఎక్కిచ్చిండ్రు. మరి ఆయనను ఏ లారీల ఎక్కియ్యాలె అని అడిగిన. ఎవ్వలు చెప్పలే."

మరునాడు తీయబోయే సీనుకు దర్శకుడి మనుషులు రాసిచ్చిన మాటలు ఒక కాగితం నిండా ఉన్నాయి. భూమాత, కన్నతల్లి, రక్తం, చెమట అన్నీ ఉన్నాయందులో. మామూ అవ్వ దగ్గరికి పోయి, "అవ్వా, నీ మాట నేను సినిమల చెప్పుకోనా?" అని అడిగాడు. ఆమె, "మంచిగ చెప్తనంటె చెప్పుకో" అన్నది. తర్వాత దర్శకుడి దగ్గరికి పోయి, ఆ కాగితం తీసేసి ఈ మాట ఒక్కటి చెప్తానని బతిమాలాడు. దర్శకుడు చిన్న వయసువాడు, కోస్తా నుంచి వచ్చినవాడు. కాస్త ఆలోచించి సరేనన్నాడు. ఆ పూట అతను నాకు బుద్ధిమంతుడిగానే కనిపించాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఎండ నెత్తిన ఉండగా ఆ సీను తీశారు. లారీ నిండా సామాను. ఆఫీసరు వేషం వేసినతను కాగితం చూసుకుంటూ, "అన్నీ ఎక్కించేశారా పెద్దాయనా? ఇంకేమైనా మిగిలాయా?" అన్నాడు. మామూ లారీ వైపు చూశాడు. గట్టు వైపు చూశాడు. గొంతు పెంచలేదు. ఎవరినీ తప్పు పట్టలేదు. దారి తెలియనివాడు దారి అడిగినట్టు అడిగాడు. "అన్ని ఎక్కిచ్చినం సారు. మంచం ఎక్కింది. గోలెం ఎక్కింది. కోళ్ళగంప ఎక్కింది. మా ఆడామెను ఏ లారీల ఎక్కియ్యాలె సారు?" ఆఫీసరు వేషగాడు తన మాట మర్చిపోయి నిలబడిపోయాడు. దర్శకుడు కట్ చెప్పడం ఆలస్యం చేశాడు. గొడుగు పట్టుకున్నతను మొహం అటు తిప్పుకున్నాడు. మా అమ్మీ, తమ్ముడి చావులకు ఎప్పుడూ వెక్కి వెక్కి ఏడ్చే మనిషి, ఆ రోజు చప్పుడు లేకుండా నా చెయ్యి పట్టుకుంది. అవ్వ మెల్లగా నడిచి వచ్చి మామూ గడ్డం పట్టుకుని, "నా మాట మంచిగ చెప్పినవ్ కొడుకా" అన్నది. ఆ మధ్యాహ్నం ఆయన గొంతు ఎట్లా ఉన్నదో నా చెవులకు ఇప్పటికీ తెలుసు. లోతుగా, కొంచెం బొంగురుగా, బావిలో చేద దిగుతున్నట్టు ఉండేది.

ఆ రోజుల్లో షూటింగులో పట్టిన మాట పనికిరాదు, తర్వాత స్టూడియోలో మళ్ళీ చెప్పాలి. దాన్నే డబ్బింగు అంటారు. మామూ ఆ పిలుపు కోసం ఎదురుచూశాడు. గొంతు చెడుతుందని చల్లనీళ్ళు మానేశాడు, మా ఇంట్లో మామిడికాయ పచ్చడి ముట్టలేదు. ఫోను చేస్తే, "ఇంకా మొదలుపెట్టలేదు, చెప్తాం" అనేవాళ్ళు. తర్వాత ఒకరోజు గోడల మీద పోస్టర్లు పడ్డాయి. ఈయన పిలుపు రాలేదే అనుకుంటూనే, షూటింగు మాటే బాగుందని ఉంచేసుకున్నారేమోనని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. జనగామలో మొదటి ఆట. ముమానీ దుకాణం మూసి వచ్చింది. మానుకోట నుంచి చుట్టాలు, మా స్కూలు టీచర్లు, వీధిలో పంతులుగారు, అందరం పోయాం. మామూ ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. తెర మీద ఆయన మొహం రాగానే మావాళ్ళు ఈలలు వేశారు. ఆయన నోరు తెరిచాడు. ఎవరిదో గొంతు వచ్చింది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన పెదవులు నిదానంగా కదులుతున్నాయి, గొంతు మాత్రం కోతిలా గెంతుతున్నది. ప్రతి మాటకూ తోక తగిలించారు, ప్రతి తోకకూ ఒక చప్పుడు. లారీ సీను వచ్చింది. "మా ఆఆడామెను" అనగానే హాలంతా ఒక్కసారి గొల్లుమన్నది. మా టీచర్లు నవ్వారు. మా ముందు వరసలో మా చుట్టాల పిల్లలు నవ్వారు. నేను తల తిప్పి మామూను చూడలేకపోయాను. ఆయన లేవలేదు. సినిమా అయ్యేదాకా కూర్చున్నాడు. బయటికి వచ్చాక జనం ఆయన చేతులు ఊపి, "కామెడీ ఇరగదీసినవ్ అన్నా!" అంటుంటే, వాళ్ళందరికీ సలాం చేశాడు. అమ్మీ మాత్రం దారిపొడుగునా దక్కనీలో తిట్టింది. వాటిని నేను ఇక్కడ రాయలేను గానీ, ఒక్కటీ అబద్ధం కాదు.

వారం తిరక్కుండా నేను ఆయన వద్దంటున్నా వినకుండా హైదరాబాదు తీసుకుపోయాను. దర్శకుడు మమ్మల్ని బాగానే కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. "బాబాయ్, మీరు అద్భుతంగా చేశారు. కానీ ముందుగా వేసి చూపిస్తే సినిమా కొనేవాళ్ళంతా భయపడ్డారండీ. ఇంటర్వెల్ ముందు అంత ఏడుపైతే బయటికొచ్చి సమోసా ఎవడు తింటాడు చెప్పండి? అందుకని మిమిక్రీ కుర్రాడితో చెప్పించాం" అన్నాడు.

మామూ కప్పు కింద పెట్టాడు. "సమోసల కోసం నా గొంతు తీసిండ్రా సారు?"

"అలా అనకండి. మీ యాసంటేనే కామెడీ పండుద్ది బాబాయ్. అది మీకు ప్లస్సు."

నేను లేచి నిలబడ్డాను. నలభై మంది పిల్లల్ని అదుపు చేసిన గొంతు నాది, దానికి డబ్బింగు అక్కర్లేదు. "మీ ఇంట్ల ఎవరన్న పోతే మీరు ఏ యాసల ఏడుస్తరు సార్? అప్పుడు పక్కింటోళ్ళు నవ్వితే మీకు ప్లస్సేనా?" అని అడిగాను. అతను గడియారం చూసుకున్నాడు. షూటింగులో పట్టిన మాట, అదైనా ఇవ్వండి, ఇంట్లో దాచుకుంటాం అన్నాను. అదెప్పుడో తుడిచేసి, ఆ టేపు ఇంకో సినిమాకు వాడేశామన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహంలో చెడ్డతనం ఏమీ లేదు. అదే నన్ను ఇప్పటికీ కాల్చేది. పలక తుడిచినట్టు చెప్పాడు.

తిరుగు రైల్లో ఆలేరు దాటాక మామూ, "నా గొంతు పోతె పోయింది బేటా. గా అవ్వ సినిమకు పోయి ఉంటదా?" అన్నాడు.

ఆదివారం ఇద్దరం భూపాలపల్లి పోయాం. అవ్వ కాలనీలో తన ఇంటి ముందు కందులు చెరుగుతున్నది. సినిమాకు పోయింది. మనవరాలు తీసుకుపోయిందట. మమ్మల్ని చూసి సంతోషపడి, మంచం వాల్చి, నీళ్ళిచ్చింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చాట పక్కన పెట్టి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "జనం నవ్విండ్రు కొడుకా. ఎందుకు నవ్విండ్రు?"

మామూ దగ్గర ఎన్ని గొంతులున్నాయో నాకు తెలుసు. ఆ ఒక్క పూట ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి, "తప్పు నాదే అవ్వా, నేను చూసుకోలే" అన్నాడు. ఆయన తప్పు ఏముంది అందులో? ఆయన చేసిన ఒకే తప్పు నమ్మడం. అవ్వ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మంచిగనే చెప్పినవ్. నేనున్న గద ఆడ, నేనిన్న" అన్నది.

ఆ తర్వాత ఆయన ఒక షరతు పెట్టాడు. మొహం తీసుకుంటే గొంతూ తీసుకోవాలి, రెండూ కలిపే ఇస్తానన్నాడు. మెల్లగా వేషాలు తగ్గిపోయాయి. మధ్యలో ఒక సినిమాలో మూగవాడి వేషం ఇచ్చారు. "ఇగ దీన్లకెల్లి ఏం తీస్తరో చూస్త" అని నవ్వుతూ పోయి వేసి వచ్చాడు. ఎక్కువ కాలం మానుకోటలోనే ఉండి, గాజుల దుకాణంలో ముమానీకి సాయంగా కూర్చున్నాడు. దుకాణానికి వచ్చేవాళ్ళు కూడా ఆ లారీ మాట చెప్పమని అడిగేవాళ్ళు. ఆయన గాజుల సైజు అడిగేవాడు.

కాలం మారింది అంటారు. అవును, మారింది. ఏ మాటనైతే పిప్పి చేసి ఊశారో అదే మాట ఇప్పుడు మార్కెటుకు కావాలి. మా యాసలో పాట లేకపోతే సినిమా ఆడదట. ఒక పెద్ద సినిమాకు మామూను పిలిచారు. వేషానికి కాదు, బయటి నుంచి వచ్చిన హీరోకు మా మాట నేర్పడానికి. నేను వద్దన్నాను. ఆయన పోయాడు. "తప్పు మాట్లాడితె మళ్ళ మనదే గద బేటా ఇజ్జత్ పొయ్యేది" అన్నాడు. ఆ పిల్లవాడు బుద్ధిగానే నేర్చుకున్నాడట. తర్వాత టీవీలో, ఈ యాస కోసం తాను పల్లెలు తిరిగానని, ఎంతో కష్టపడ్డానని చెబుతుంటే మేమంతా చూశాం. నేర్పిన మనిషి ఊసే లేదు. నేను రిమోటు విసిరేశాను. మామూ, "చెప్పుడు మంచిగ చెప్తుండు చూడు, 'పోయినం' అనుడు కుదిరింది" అని మురిసిపోయాడు. ఆయన మంచితనం కొన్నిసార్లు నాకు శత్రువులా కనిపిస్తుంది.

పోయిన ఏడాది మామూకు గొంతులో గడ్డ వచ్చింది. దవాఖానలో తీసేశారు, ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ గొంతు పోయింది. ఇప్పుడు ఆయన మాట్లాడితే ఎండిన ఆకుల మీద ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది. సరిగ్గా అప్పుడే జనగామలో ఒక సాంస్కృతిక సంఘంవాళ్ళు, మన యాసకు సేవ చేసిన కళాకారుడని ఆయనకు సన్మానం పెట్టారు. మన యాసకు సేవ! సరే, పోయాం. అమ్మీ ఉంటే ఆ మాటకు ఏమనేదో. శాలువా కప్పాక, మైకు పట్టుకున్నాయన, "మన పెద్దాయన నోట ఆ లారీ డైలాగు ఒక్కసారి!" అన్నాడు. హాలంతా చప్పట్లు. మామూ గొంతు మీద చెయ్యి పెట్టి, రాదన్నట్టు తల ఊపాడు. "పరేషాన్ గాకుండ్రి, మా దగ్గర స్క్రీనున్నది!" అంటూ ఆ లారీ సీను మొత్తం వేశారు. పెద్ద తెర మీద మామూ మొహం, ఆ కోతి గొంతు, ఆ డోలు. జనం పగలబడ్డారు. ఆయన వేదిక మీద, ఆ తెర కిందే, శాలువాతో కూర్చుని ఉన్నాడు.

నేను లేచాను, ఏం చేయడానికో నాకే తెలియదు. నాకంటే ముందు మామూ లేచాడు. మైకు దగ్గరికి పోయి, కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయితో, "బిడ్డా, జర గొంతు బంద్ జేసి, గదే మళ్ళ ఒక్కసారి ఏస్తవా? మొదటికెల్లి" అన్నాడు. ఆ అమ్మాయి ఇందాక మైకు పట్టుకున్నాయన వైపు చూసింది. తర్వాత తనే శబ్దం ఆపేసి, మొదటి నుంచి వేసింది.

శబ్దం లేని తెర మీద లారీ కనిపించింది. తువ్వాల చుట్టుకున్న మనిషి లారీ వైపు చూశాడు, గట్టు వైపు చూశాడు. డోలు లేదు, తోకలు లేవు. హాలులో కొందరు అలవాటుకొద్దీ నవ్వబోయి, నవ్వడానికి ఏమీ దొరక్క ఆగిపోయారు. తెర మీది పెదవులు కదిలాయి. మైకు ముందున్న ముసలాయన తెర వైపు తిరగలేదు. ఆ పెదవులు ఎప్పుడు విడివడతాయో, ఎక్కడ ఆగుతాయో ఆయన ఒంటికి తెలుసు. "అన్ని ఎక్కిచ్చినం సారు" అన్నాడు. మాట సగం గాలే. "మంచం ఎక్కింది. గోలెం ఎక్కింది. కోళ్ళగంప ఎక్కింది." ఒక్క అక్షరం ముందుకూ వెనక్కూ జరగలేదు. "మా ఆడామెను ఏ లారీల ఎక్కియ్యాలె సారు?" తెర మీది మనిషీ ఈయనా ఒకేసారి నోరు మూసుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఒకామె ముక్కు చీదిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. సభ నడిపే ఆయన మైకు తీసుకుని, తర్వాతి అంశం పిల్లల కోలాటమని చెప్పాడు.

ఇంటికి వచ్చాక మామూకు జావ కాచి ఇచ్చాను. గట్టి పదార్థం మింగలేడు. రెండు గుక్కలు తాగి, "ఎట్లుండె బేటా?" అన్నాడు. బాగుందన్నాను. "అబద్ధం. గాలి పోయింది. ఆ రోజు గొంతుంటే..." అని ఆపి, మిగతా జావ తాగేశాడు. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళ ఊరు లేదు. ఆ మధ్యాహ్నం ఆ మాట విన్నవాళ్ళలో ఇంకా ఎంతమంది ఉన్నారో తెలియదు. కాలం అన్నిటినీ తీసుకుపోతుందని నేనే ముప్ఫై ఏళ్ళు పద్యాలకు అర్థం చెప్పాను, పిల్లల చేత రాయించాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే అట్లా చెప్పను. నా తల నెరిసింది కాలం వల్లే, మామూ గొంతులో గడ్డ లేచిందీ కాలం వల్లే, కాదనను. కానీ ఆ గొంతు బావిలో చేదలా నిండుగా దిగుతున్న రోజున దాన్ని తుడిచేసింది మనుషులు. వాళ్ళు చేసిన పనిని కూడా పాపం ఆ కాలం నెత్తిన పెట్టి ఊరుకోవడం నా చేత కాదు.